మసకబారిన హెడ్‌లైట్లు: రుద్దితే వచ్చే మెరుపు సగం పనే

జడ్చర్ల నుంచి వచ్చిన ప్రశ్న ఇది. తొమ్మిదేళ్ల కారు. హెడ్‌లైట్లు రెండూ పసుపుబారి మసకగా అయ్యాయి, ఎడమది మరీ ఎక్కువ. కారు ఎప్పుడూ ఇంటి ముందు ఆరుబయటే, ముఖం పడమటికి పెట్టి ఉంటుంది. నాన్నగారు వారానికి రెండు మూడు సార్లు కల్వకుర్తి నుంచి రాత్రిపూట తిరిగి వస్తారు, దారి సరిగా కనిపించడం లేదంటున్నారు. మెకానిక్ రెండు లైట్లూ మార్చాలి, 14 వేలు అవుతుంది అన్నాడు. వీడియోల్లోనేమో టూత్‌పేస్టుతో రుద్దితే చాలంటున్నారు. ఏది నమ్మాలి? కుడి లైటు లోపల ఉదయం పూట చెమ్మ కనిపిస్తోంది, దానికేం చేయాలి?

ముందు జవాబు చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి లైట్లు మార్చాల్సిన అవసరం కనిపించడం లేదు. టూత్‌పేస్టు మాత్రం వద్దు. పాడైన పైపూతను వాటర్ పేపర్‌తో, అంటే తడిపి వాడే రుద్దుడు కాగితంతో, పూర్తిగా తీసేసి, దాని స్థానంలో ఎండను తట్టుకునే కొత్త పూత వేయించాలి. ఈ రెండో సగం చేయకపోతే మొదటి సగం చేయకపోయినా ఒకటే. నాలుగైదు నెలల్లో ఇంతకంటే అధ్వానంగా తయారవుతుంది.

నేను నల్లగొండలో ఇరవై ఏళ్లుగా కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతున్నాను. హెడ్‌లైట్ల పని పదమూడేళ్లుగా చేస్తున్నాను. మొదటి రెండేళ్లు తప్పుగా చేశాను. ఆ సంగతి కింద చెబుతాను, ఎందుకంటే ఈ రోజుకీ చాలా చోట్ల అదే తప్పు జరుగుతోంది.

ఇది ఎందుకు జరుగుతుంది

మనం అద్దం అంటాం కానీ అది అద్దం కాదు. పాత అంబాసిడర్ కార్లకు నిజంగానే గాజు ఉండేది. రాయి తగిలితే పగిలేది తప్ప ఎన్నేళ్లయినా పసుపుబారేది కాదు. ఇప్పటి కార్లకు పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ వాడుతున్నారు. బరువు తక్కువ, దెబ్బ తగిలినా ముక్కలు కాదు, ఎటు కావాలంటే అటు వంపు తిరిగిన ఆకారంలో పోత పోయవచ్చు. కానీ దానికి రెండు బలహీనతలున్నాయి. ఒకటి, చాలా మెత్తన, సులువుగా గీతలు పడతాయి. రెండు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే రసాయనికంగా మారిపోయి పసుపుబారుతుంది. ఈ రెండింటినీ కాయడానికే ఫ్యాక్టరీలో దాని మీద పలుచని గట్టి పూత ఒకటి వేస్తారు. కంటికి కనిపించదు, మందం చూస్తే వెంట్రుకలో చిన్న వంతు. లైటుకు ఆయుష్షు ఆ పూతే.

ఎండ ఆ పూతను ఏళ్ల తరబడి తింటుంది. సన్నని పగుళ్లు వస్తాయి, తర్వాత పొరలు పొరలుగా లేస్తుంది, లేచిన చోట కింది ప్లాస్టిక్ నేరుగా ఎండకు దొరుకుతుంది. మా వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. దానికి తోడు దుమ్ము. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక ధూళి, వాడపల్లి, హుజూర్‌నగర్ వైపు సిమెంటు లారీల దుమ్ము. పొద్దున్నే ఆ దుమ్మును పొడి గుడ్డతో తుడిస్తే ఆ తుడవడమే రుద్దుడు కాగితంలా పనిచేస్తుంది. ఎంతో శ్రద్ధగా రోజూ తుడిచే వాళ్ల కార్ల లైట్లు ముందుగా మసకబారడం నేను చాలాసార్లు చూశాను. శ్రద్ధకు లోటు లేదు, ముందు నీళ్లు పోయకపోవడమే తప్పు.

మీ ఎడమ లైటు ఎందుకు ఎక్కువ పాడైందంటే, కారు ముఖం పడమటికి ఉన్నప్పుడు ఎడమ వైపు దక్షిణం అవుతుంది. మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు దక్షిణానికి వాలే ఉంటాడు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆ మూల మీదే ఎండ పడుతుంది. ఒకసారి లైటును దగ్గర నుంచి చూడండి. కింది భాగం కంటే పైభాగం, అంటే బానెట్ అంచు పక్కన ఆకాశం వైపు తిరిగిన భాగం, బాగా చెడిపోయి ఉంటుంది. ఎండే కారణమనడానికి అది గుర్తు.

పని మొదలుపెట్టే ముందు ఒక తడి పరీక్ష

లైటు మీద ఒక మగ్గు నీళ్లు పోయండి. నీళ్లు పారుతుండగా చూడండి. తడిగా ఉన్నంతసేపూ లైటు తేటగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకేస్తే లోపం పైనే ఉందని అర్థం. నీరు ఆ సన్నని గీతలను, పగుళ్లను తాత్కాలికంగా నింపుతుంది కాబట్టి తేటగా కనిపిస్తుంది. ఇలాంటి లైటు నూటికి నూరుపాళ్లు పనికి లొంగుతుంది. తడిగా ఉన్నా మసక తగ్గకపోతే లోపం లోపలి వైపు ఉంది, లేదా పగుళ్లు ప్లాస్టిక్ లోతుకు దిగాయి. నా దగ్గరికి వచ్చే ప్రతి కారుకూ ముందు ఈ పరీక్షే చేస్తాను, ఆ తర్వాతే ధర చెబుతాను. మీ మెకానిక్ ఇది చేయకుండానే మార్చమన్నట్టున్నాడు.

కిందివాటిలో ఏదైనా ఉంటే మాత్రం రుద్దడానికి డబ్బు పెట్టవద్దు, మార్చండి: సాలెగూడులా లోతు పగుళ్లు, లోపలి అద్దం లాంటి రిఫ్లెక్టర్ వెండి పూత కాలిపోయి నల్లబడటం లేదా ఊడిపోవడం, లైటును పట్టి ఉంచే చెవులు విరిగి అది కదలడం. రిఫ్లెక్టర్ నల్లబడితే పైన ఎంత మెరిపించినా రోడ్డు మీదికి వెలుగు రాదు. ఒక్కోసారి దానికి కారణం బల్బే. హెచ్4 అనే రకం బల్బు 60/55 వాట్లది (బ్రైట్‌కు 60, డిమ్‌కు 55) ఉండాల్సిన చోట వెలుగు చాలడం లేదని 100/90 వాట్లది వేయిస్తారు. ఆ వేడికి హోల్డరు కరుగుతుంది, వైర్లు ఎండిపోతాయి, రిఫ్లెక్టర్ మాడుతుంది. మసక లైటులో బలమైన బల్బు వేస్తే ఇంకో నష్టం కూడా ఉంది. మసక పొర వెలుగును నేరుగా పోనివ్వకుండా చుట్టూ చిమ్ముతుంది. మీకు దారి పెద్దగా కనిపించదు, ఎదురుగా వచ్చేవాడి కళ్లు మాత్రం మూసుకుపోతాయి.

టూత్‌పేస్టు, దోమల మందు, థిన్నర్

టూత్‌పేస్టులో సన్నని రాపిడి పొడి ఉంటుంది. అది పై మురికిని, కాస్త పసుపును తీస్తుంది, మెరుపు నిజంగానే కనిపిస్తుంది. వీడియో తీసిన సాయంత్రం వరకు అది అబద్ధం కాదు. కానీ మిగిలిన కాస్త పాత పూతను కూడా అది గీరేస్తుంది, కొత్త పూత ఏదీ ఇవ్వదు. పైన పటారం, లోన లొటారం అన్న మాట దీనికే సరిపోతుంది.

ఒంటికి కొట్టుకునే దోమల స్ప్రేతో తుడిస్తే మరీ వేగంగా తేటపడుతుంది. దానిలోని డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పైపొరను కొద్దిగా కరిగిస్తుంది, కరిగిన పొర గీతలను నింపుతుంది, అందుకే ఆ తేట. కొన్ని వారాలకు ఆ పొర గట్టిపడి చిట్లుతుంది. థిన్నర్, అసిటోన్, పెట్రోలు ఇంకా ప్రమాదం. మూడేళ్ల క్రితం నకిరేకల్ నుంచి ఒకాయన కారు తెచ్చారు. స్టిక్కర్ జిగురు పోవడానికి థిన్నర్ గుడ్డతో లైటు తుడిచారట. లైటు లోపల నుంచి ఎండిన చెరువు అడుగులా పగుళ్లు. తుడిచిన గుడ్డ ఎంత మేర తిరిగిందో అంత మేరా కనిపిస్తోంది. నేను 400 నంబరు పేపర్ దాకా దిగి చూశాను (నంబరు తగ్గేకొద్దీ పేపర్ గరుకు ఎక్కువ), పోలేదు. చివరికి మార్పించాల్సి వచ్చింది. ఈ రసాయనాలు ఏ పరిస్థితిలోనూ ఆ ప్లాస్టిక్ మీద పెట్టకండి.

నేను చేసిన తప్పు

మొదట్లో నేనూ పెయింటు పని పద్ధతిలోనే ఆలోచించాను. వాటర్ పేపర్ కొట్టడం, రబ్బింగ్ కాంపౌండ్ అనే మెరుగు ముద్ద పెట్టి మెషిన్‌తో బఫింగ్ చేయడం, అంతే. అద్దంలా మెరిసేవి. అందరూ సంతోషించేవారు, నేనూ గర్వపడ్డాను. దేవరకొండ నుంచి ఒక స్కూలు మాస్టారు డిసెంబరులో చేయించుకుని ఏప్రిల్ చివర్లో మళ్లీ వచ్చారు. రెండు లైట్లూ ముందుకంటే ఎక్కువ పసుపు. ఆయన గొడవ పెట్టుకోలేదు. "మీరు చేసింది నిలవలేదండీ, కారణం తెలిస్తే చెప్పండి" అన్నారు. నాకు తెలియదు. ఆయనకు డబ్బు తిరిగి ఇచ్చేశాను, ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను. ఆ తర్వాత హైదరాబాద్‌లో పెయింటు కంపెనీ శిక్షణకు వెళ్లినప్పుడు అక్కడి పెద్దాయన ఒక్క మాటలో తేల్చారు. నేను తీసేస్తున్నది మురికి కాదు, ఆ లైటుకున్న గొడుగు. గొడుగు తీసి ఎండలో నిలబెట్టి పంపిస్తున్నాను. తిరిగి వచ్చాక మాస్టారిని పిలిచి రెండు లైట్లూ ఉచితంగా మళ్లీ చేసి, ఈసారి క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శక పూత, వేసి ఇచ్చాను. అవి నాలుగున్నరేళ్లు నిలిచాయి.

పని ఎలా చేయాలి

నీడలో చేయాలి, లైటు చల్లగా ఉండాలి. వేసవి అయితే ఉదయం తొమ్మిదిలోపు. షాంపూ నీళ్లతో లైటును, చుట్టుపక్కల బంపరును శుభ్రంగా కడగండి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా పేపర్ కింద పడి లోతైన గీత పెడుతుంది. తర్వాత చుట్టూ మాస్కింగ్ టేపు రెండు మూడు వరుసలు వేయండి. బానెట్ అంచు దగ్గర ఇంకొక వరుస ఎక్కువే వేయండి. పేపర్ పట్టుకున్న చేయి జారితే మొదట పోయేది ఆ అంచు రంగే. ఒక్కో లైటు పని వెయ్యి రూపాయల్లో పోతుంది, బానెట్ రంగు వేయించాలంటే వేలకు వేలు.

పూత ఊడుతూ మచ్చలు మచ్చలుగా ఉంటే 600 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టాలి. మామూలు పసుపు మసక అయితే 800 చాలు. పేపర్‌ను పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి, స్పాంజి ముక్కకు చుట్టి పట్టుకోండి. వేళ్లతో నేరుగా నొక్కితే వేలి వెడల్పున గాళ్లు పడతాయి, రాత్రి లైటు వేసినప్పుడు అవి వెలుగులో చారలుగా కనిపిస్తాయి. నీళ్లలో రెండు చుక్కలు షాంపూ వేసుకుంటే పేపర్ పట్టేయదు.

మొదటి పేపర్ దగ్గర అసలు ఓపిక కావాలి. రుద్దుతుంటే పాలలా చిక్కటి నీరు దిగుతుంది. మొదట అది పసుపుగా ఉంటుంది. పసుపు నీరు వస్తున్నంతసేపూ పాత పూత ఇంకా ఉందని గుర్తు. పూర్తిగా తెల్లటి నీరు వచ్చేదాకా ఆపకూడదు. ఒక్కో లైటుకు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపి, తుడిచి, ఆరనిచ్చి చూడాలి. పూత మిగిలిన చోట ద్వీపంలా వేరే మెరుపుతో, గోరు తగిలితే తెలిసే అంచుతో కనిపిస్తుంది. ఆ ద్వీపాల మీద కొత్త పూత వేస్తే ఆరు నెలల్లో సరిగ్గా అక్కడే లేస్తుంది. పని చెడిపోయి నా దగ్గరికి వచ్చే లైట్లలో ఎక్కువ భాగం ఇక్కడ తొందరపడ్డవే.

ఈ దశలో లైటు పూర్తిగా తెల్లబడి, బాత్‌రూమ్ కిటికీ గాజులా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడ భయపడి ఆపేస్తారు, పాడు చేశామనుకుంటారు. భయం వద్దు, అలాగే కావాలి.

ఆ తర్వాత ఒక్కో పేపర్‌కు దిశ మార్చండి. 600 అడ్డంగా రుద్దితే 800 నిలువుగా, 1000 మళ్లీ అడ్డంగా. నిలువు గీతలు మాత్రమే కనిపిస్తూ అడ్డ గీతలు పూర్తిగా పోయాయంటే ముందు పేపర్ గీతలు చెరిగాయని తెలుస్తుంది. నంబరు మారినప్పుడల్లా లైటునూ స్పాంజినీ కడిగి, బకెట్‌లో నీళ్లు మార్చాలి.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది, వీడియోల్లో ఇది ఎవరూ సరిగా చెప్పరు. పైన స్ప్రే గన్‌తో క్లియర్ కోటు వేయించేటట్లయితే 1000 దగ్గర ఆపేయండి, పాలిష్ పెట్టవద్దు. క్లియర్ కోటు ఆ సన్నని గీతల్లోకి దిగి పట్టుకుంటుంది, వాటిని నింపి అద్దంలా అవుతుంది. అద్దంలా పాలిష్ చేసిన ప్లాస్టిక్ మీద దానికి పట్టు దొరకదు, వానాకాలానికి రేకులా లేస్తుంది. చేత్తో పూసే సీలెంట్ గానీ పారదర్శక రక్షణ ఫిల్మ్ గానీ వేసేటట్లయితే 1500, 2000, 3000 దాకా వెళ్లి, ఆ తర్వాత కాంపౌండ్‌తో పాలిష్ చేయాలి. మెషిన్ వాడితే తక్కువ వేగంలో, ఒకచోట నిలపకుండా తిప్పండి. రెండు సెకన్లు ఒకేచోట ఆగితే ప్లాస్టిక్ వేడెక్కి ముడతపడుతుంది, దాన్ని మళ్లీ 600 నుంచి సరిదిద్దాలి.

ఏ పూత వేయించాలి

మీ కారు ఆరుబయట ఉంటుంది కాబట్టి నా సలహా హార్డెనర్ (పూతను గట్టిపరిచే ద్రవం) కలిపే టూకే క్లియర్ కోటు. కార్ల రంగు మీద వేసేదే. ఎండను ఆపే గుణం ఉన్న మంచి రకం అయి ఉండాలి. నా చేతి పని మీద మా ఎండలో మూడు నుంచి ఐదేళ్లు నిలుస్తోంది. ఫిల్మ్ రెండు మూడేళ్లు వస్తుంది, పాడైతే పీకి కొత్తది అంటించవచ్చు, వంపు ఎక్కువ ఉన్న లైట్ల మీద అంచులు లేస్తాయి. చేత్తో పూసే సీలెంట్లు, సిరామిక్ పూతలు మన ఎండకు ఏడాది నిలిస్తే గొప్ప, మళ్లీ మళ్లీ పూయాలి. దుకాణాల్లో దొరికే చౌక డబ్బా క్లియర్ స్ప్రే, అంటే హార్డెనర్ లేనిది, వద్దు. ఒక వేసవిలో పసుపుబారి పొలుసులుగా రాలుతుంది, దాన్ని తీయడం పాత ఫ్యాక్టరీ పూత తీయడం కంటే కష్టం.

క్లియర్ కోటు ఇంట్లో వేయవద్దు. కారణం పనితనం ఒక్కటే కాదు. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలుంటాయి. స్ప్రే చేసినప్పుడు ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి వెళితే ఉబ్బసం రావచ్చు, ఒకసారి శరీరానికి అది పడకుండా పోతే ఇక జన్మంతా కొంచెం వాసన తగిలినా ఆయాసమే. నా దగ్గర పని నేర్చుకున్న ఒక అబ్బాయి, ఎంత చెప్పినా మూతికి కర్చీఫు కట్టుకునే పనిచేసేవాడు, ఇరవై ఆరేళ్లకే ఈ పని మానుకోవాల్సి వచ్చింది. గుడ్డ మాస్కు దీన్ని ఆపదు. రసాయన ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ మాస్కు, గాలి ఆడే చోటు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాల్సిందే. రుద్దే పని ఇంట్లో మీరు చేసుకోండి, పూత మాత్రం జడ్చర్లలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ మంచి పెయింటు షెడ్డులో వేయించండి. రుద్దడం మీరే చేసుకుంటే పేపర్లకు, టేపుకు రెండు వందల లోపే అవుతుంది. మొత్తం పని నేను చేస్తే జతకు 1,800 తీసుకుంటాను. ఊరిని బట్టి అటూ ఇటూ ఉండవచ్చు.

షెడ్డులో వేసేటప్పుడు దగ్గర ఉండి మూడు విషయాలు చూసుకోండి. లైటును థిన్నర్‌తో తుడవనివ్వకండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవమనండి. మొదటి కోటు చాలా పలుచగా, పొడి పొగలా వేయాలి. క్లియర్‌లో కూడా ద్రావకం ఉంటుంది, మొదటి కోటే తడిగా కుమ్మరిస్తే అది ప్లాస్టిక్‌ను చిట్లగొడుతుంది. పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత రెండు మామూలు కోట్లు. మూడోది, పూత వేశాక ఒక రోజు నీళ్లు తగలనివ్వకూడదు, వారం రోజులు షాంపూ పెట్టి కడగకూడదు.

కుడి లైటులో చెమ్మ

ఉదయం పలుచని ఆవిరిలా కనిపించి, లైటు వేసి అరగంట ఉంచితే పోతుందా? అయితే అది జబ్బు కాదు. హెడ్‌లైట్లకు గాలి ఆడేందుకు వెనక చిన్న రంధ్రాలుంటాయి, రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాలిలోని తేమ అలా పట్టుకుంటుంది. నీటి బొట్లు కారుతున్నా, అడుగున నీళ్లు నిలిచినా మాత్రం ఎక్కడో లోపలికి దారి ఉంది. ముందు బల్బు వెనక రబ్బరు టోపీ చూడండి. బల్బు మార్చినప్పుడు దాన్ని సరిగా కూర్చోబెట్టకపోవడమే పదింటిలో ఏడెనిమిది సార్లు కారణం. అది ఎండి పగిలితే కొత్తది కొద్ది డబ్బుకే దొరుకుతుంది. అదీ బాగుంటే లైటు అంచు చుట్టూ జిగురు కీలు దగ్గర పగులు వెతకండి. నీరు పూర్తిగా ఆరాకే మూయాలి, తడి లోపల ఉండగా సీలు వేస్తే రిఫ్లెక్టర్ తుప్పు మచ్చలు పడుతుంది. లోపలికి గుడ్డ పెట్టి రిఫ్లెక్టర్‌ను తుడవకండి, ఆ వెండి పూత గుడ్డతో పాటే వచ్చేస్తుంది. చెమ్మ సంగతి తేల్చాకే పై పని మొదలుపెట్టండి.

ఎంత వెలుగు తిరిగి వస్తుంది

ఇక్కడ ఎక్కువ ఆశ పెట్టను. ఏఏఏ అని పిలిచే అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో పాత కార్ల లైట్లు కొలిచి చూసింది. పసుపుబారి మసకేసిన లైట్లు కొత్తవాటితో పోలిస్తే దాదాపు 20 శాతం వెలుగే ఇస్తున్నాయి. రుద్ది బాగుచేస్తే సుమారు 70 శాతానికి వచ్చాయి. కంపెనీవే కొత్తవి వేస్తే 100 శాతం. వేరే తయారీ లైట్లు 83 నుంచి 90 శాతం మధ్య. అంటే కొత్త లైటంత కాదు, అయినా ఇప్పుడున్నదానికి మూడు రెట్లు మించి. నా అనుభవమూ దానికి దగ్గరగానే ఉంది.

డబ్బుకు ఇబ్బంది లేకపోతే, కారును ఇంకా ఆరేడేళ్లు ఉంచుకునేటట్లయితే, కంపెనీ లైట్లు వేయించడం తప్పు కాదు. కానీ మీ మెకానిక్ చెప్పిన 14 వేలు కంపెనీవాటికా, డూప్లికేట్లకా అని అడగండి. చౌక డూప్లికేట్లకు పైపూత నాసిగా ఉంటుంది. రెండేళ్లు తిరగకుండానే పసుపుబారిన వాటిని నేను రుద్ది ఇచ్చాను. అలాంటివి కొనే బదులు మీ పాతవే బాగుచేయించడం మేలు. మీ కారుతో వచ్చిన ప్లాస్టిక్ దానికంటే మంచిది.

మీ నాన్నగారు రాత్రి నడుపుతున్నారు కాబట్టి ఈ లెక్క కూడా రాస్తున్నాను. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. చూసి, తేరుకుని, బ్రేకు మీద కాలు పెట్టేలోపు 30 మీటర్లు దాటుతుంది, పూర్తిగా ఆగడానికి పొడి రోడ్డు మీద మరో 35 మీటర్లు. మన రోడ్ల మీద ఏముంటాయో మీకు తెలుసు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ, పత్తి నింపుకుని రెండు వైపులా ఉబ్బిన బండి. కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ హద్దుగా పెట్టిన రాళ్లు. మిర్యాలగూడ మిల్లుకు వెళ్లే ఒక డ్రైవరు తన మసక లైట్లతో వడ్ల కుప్పను ముప్పై అడుగుల దూరంలో చూశానని, బండి కాలవలోకి దించేశానని చెప్పాడు. మనిషికి ఏమీ కాలేదు. ఆ కుప్ప పక్కన రైతు నిద్రపోతున్నాడు. అతని మీదికి పోకపోవడం కేవలం అదృష్టమని ఆ డ్రైవరు నా షెడ్డులో కూర్చుని చెబుతున్నప్పుడు అతని చేతులు ఇంకా వణుకుతున్నాయి. పని పూర్తయ్యేదాకా మీ నాన్నగారిని రాత్రి 50 దాటవద్దని చెప్పండి, వీలైతే పగలే తిరిగి రమ్మనండి.

తర్వాత కాపాడుకోవడం

పొడి గుడ్డ లైటుకు తాకించకండి, ముందు నీళ్లు పోయండి. మా జిల్లా బోరు నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ మాటే ఎత్తుతారు. లైటుకు చేటు చేసేది ఆ నీటిలోని సున్నం. ఎండలో కడిగి వదిలేస్తే తెల్లటి చుక్కలు అంటుకుపోతాయి. నీడలో కడిగి, తడి ఉండగానే మెత్తని గుడ్డతో అద్దండి. మూడు నెలలకోసారి కారు మైనం రాస్తే పూతకు ఆసరా. అన్నిటికంటే సులువైనది, కారును రోజూ పడమటికే కాకుండా ఒక వారం అటు, ఒక వారం ఇటు పెట్టడం, లేదా ముఖం గోడ నీడలోకి వచ్చేలా పెట్టడం. కవరు కప్పేటట్లయితే కారు మీద దుమ్ము కడిగాకే కప్పండి, లేకపోతే గాలికి కవరు కదిలి అదే రుద్దుతుంది.

పని అయ్యాక ఎత్తు సరిచూడండి. సమతలంగా ఉన్న చోట గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలిపి, లైటు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద గీత పెట్టండి. డిమ్ వేసినప్పుడు వెలుగు పై అంచు ఆ గీతకు సుమారు 10 సెంటీమీటర్లు కింద ఉండాలి, ఎడమ వైపు కాస్త పైకి లేవడం మామూలే. మసక లైట్లతో ఏళ్ల తరబడి నడిపినవారు వెలుగు కోసం లైట్లను పైకి ఎత్తించి ఉంటారు. తేటపడ్డాక అదే ఎత్తులో వదిలేస్తే ఎదుటివారికి కళ్లు కనిపించవు. డ్యాష్‌బోర్డు పక్కన లైట్ల ఎత్తు మార్చే, 0 నుంచి అంకెలున్న చిన్న చక్రం ఉంటే ముందు దాన్ని 0కి తిప్పి, ఆ తర్వాతే కొలవండి.

రేపు ఉదయం ఆ తడి పరీక్ష రెండు లైట్లకూ చేసి, ఎడమది తడిలో ఎంత తేటపడిందో, కుడిదానిలో చెమ్మ అరగంటలో పోయిందో లేదో రాయండి. 600తో మొదలుపెట్టాలా, 800 చాలా అన్నది దాన్ని బట్టి చెబుతాను.